చెరసాలే పాఠశాల: ఫాదర్ అరూపే జీవితగాథ

హిరోషిమా పేరు వినని బడిపిల్లవాడు మన పల్లెల్లో ఉండడు. 1945 ఆగస్టు 6న అమెరికా వేసిన ఒక్క అణుబాంబుతో ఆ నగరం బూడిదకుప్ప అయిన సంగతి అందరూ పాఠాల్లో చదువుకున్నదే. ఆ బూడిదలోనుంచి కాలిన ఒళ్లతో నడిచివచ్చిన వారికి అదే రోజున తలుపులు తెరిచి, సరైన మందులు లేకుండానే వైద్యం చేసిన ఒక క్రైస్తవ గురువు సంగతి మాత్రం మన వైపు తెలిసినవారు తక్కువ. ఆయనది జపాను కాదు, స్పెయిన్ దేశం. అంతకు నాలుగేళ్ల ముందు జపాను సైనిక పోలీసులు గూఢచారి అన్న అనుమానంతో ఆయనను చెరలో పెట్టారు. చెరలో పెట్టిన దేశాన్ని విడిచిపోకుండా, ఆ దేశపు ప్రజలకే ఆయన రాత్రింబవళ్లు సేవ చేశారు. ఆయనే ఫాదర్ పెడ్రో అరూపే. తరువాతి కాలంలో యేసు సభ (జెస్యూట్ సంఘం) ప్రపంచాధిపతిగా ఆయన పేరు ఖండఖండాలకూ పాకింది.

వైద్యవిద్యకు స్వస్తి

పెడ్రో అరూపే 1907 నవంబరు 14న ఉత్తర స్పెయిన్‌లోని బిల్బావో పట్టణంలో జన్మించారు. బాస్క్ జాతికి చెందిన కుటుంబం. తండ్రి భవనాలకు నమూనాలు గీసే ఆర్కిటెక్టు. నలుగురు అక్కల తరువాత పుట్టిన ఒక్కగానొక్క మగపిల్లవాడు. చిన్నతనంలోనే తల్లి కన్నుమూసింది.

1923లో మాడ్రిడ్ వెళ్లి వైద్యకళాశాలలో చేరారు. చదువులో చురుకు. మంచి డాక్టరవుతాడని ఉపాధ్యాయులందరూ ఆశపెట్టుకున్నారు. తోటి విద్యార్థులతో కలిసి నగరం అంచున ఉన్న పేదవాడలకు వెళ్లివచ్చేవారు. ఒక్క గదిలో రెండేసి కుటుంబాలు తలదాచుకోవడం, పిల్లలు పస్తులుండడం ఆయన మొదటిసారి చూసింది అక్కడే. 1926లో తండ్రి మరణించారు. ఆ తరువాత ఫ్రాన్సులోని లూర్దు పుణ్యక్షేత్రానికి వెళ్లి, అక్కడికి వచ్చే రోగులకు కొన్నాళ్లు సాయపడ్డారు. తిరిగివచ్చాక ఆయన మనసు చదువుమీద నిలవలేదు. ఉపాధ్యాయులు వారించినా వినకుండా వైద్యవిద్యను మధ్యలోనే వదిలి, 1927 జనవరిలో యేసు సభలో చేరారు. తాను వదిలేసిన ఆ విద్యే 18 ఏళ్ల తరువాత తనకు అక్కరకొస్తుందని ఆనాడు ఆయన ఊహించి ఉండరు.

1932లో స్పెయిన్ ప్రభుత్వం యేసు సభను రద్దుచేసి, దాని ఆస్తులను స్వాధీనం చేసుకుంది. సభ్యులు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయారు. అరూపే బెల్జియం, హాలెండు దేశాల్లో చదువు కొనసాగించి, 1936 జూలై 30న గురుపట్టం పొందారు. తరువాత రెండేళ్లు అమెరికాలో ఉన్నారు. జపాను పంపమని చాలా ఏళ్లుగా పెద్దలను అడుగుతూ వచ్చిన ఆయన కోరిక 1938లో నెరవేరింది. ఆ ఏడాది అక్టోబరులో ఓడ దిగి, భాష నేర్చుకోవడంతో పని మొదలుపెట్టారు. అక్కడి మనుషులను అర్థం చేసుకోవాలంటే వారి అలవాట్లు తెలియాలని తలచి, వారి తేనీటి మర్యాదలు, విలువిద్య, కుంచెతో అక్షరాలు రాసే కళ కూడా నేర్చుకున్నారు. 1940లో యమగుచి పట్టణంలోని చర్చి బాధ్యత ఆయనకు అప్పగించారు.

నెల రోజుల చెర

1941 డిసెంబరు 8. జపాను యుద్ధంలోకి దిగినట్టు ప్రకటించిన రోజు. ఆనాడే సైనిక పోలీసులు యమగుచి చర్చికి వచ్చి, ఇల్లంతా గాలించి, అరూపేను పట్టుకుపోయారు. ఆయన విదేశీయుడు. పలు దేశాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఉన్నాయి. వచ్చిన ఉత్తరాలు రకరకాల భాషల్లో ఉన్నాయి. అనుమానానికి ఆ మాత్రం చాలింది.

పట్టుమని నాలుగడుగులు వేయడానికి వీలులేని చిన్న గది. నేలమీద ఒక చాప. అంతకుమించి ఏమీ లేదు. పుస్తకం లేదు, మాట్లాడే తోడు లేదు. చలికాలం కావడంతో రాత్రిళ్లు ఒళ్లు కొయ్యబారిపోయేది. నేరమేమిటో చెప్పలేదు. ఎన్నాళ్లు ఉంచుతారో, ప్రాణాలతో వదులుతారో లేదో తెలియదు.

క్రిస్మస్ రాత్రి వచ్చింది. చర్చిలో భక్తుల మధ్య ఉండవలసినవారు చీకటి గదిలో ఒంటరిగా కూర్చున్నారు. ఇంతలో గోడ అవతల ఏదో అలికిడి. చెవి ఒగ్గి వింటే సన్నగా పాట. ఆయన చర్చికి వచ్చే పల్లె, పట్నం జనం కొందరు, పోలీసులకు పట్టుబడితే తమకూ చెర తప్పదని తెలిసి కూడా వచ్చి, ఆయనకు వినపడేలా క్రిస్మస్ పాట పాడి వెళ్లారు. ఆ రాత్రి సంగతిని ఆయన జీవితాంతం తలచుకునేవారు.

చివరకు అధికారులు ఒకటిన్నర రోజు పైచిలుకు ఏకబిగిన ప్రశ్నలు వేశారు. రాజకీయం నుంచి మతం దాకా అడగనిది లేదు. జవాబుల్లో తప్పు దొరకలేదు. అన్నిటికీ మించి, కాపలావారితో ఆయన నడుచుకున్న తీరే ఆయన నిర్దోషి అని చాటిందని అధికారులే ఒప్పుకున్నారు. 1942 జనవరి 12న విడిచిపెట్టారు. వెళ్లేముందు అరూపే ఆ అధికారికి కోపతాపాలు చూపలేదు సరికదా, కష్టమంటే ఏమిటో నేర్పినందుకు కృతజ్ఞత చెప్పుకున్నారు. ఆ మాటకు ఆ అధికారి చలించిపోయాడంటారు.

చేతిలో ఏమీ లేనప్పుడు మనిషి దేనిమీద నిలబడతాడో ఆ నెల రోజుల్లో తెలిసిందని ఆయన తరువాత పలుమార్లు చెప్పుకున్నారు. ఆ పాఠానికి అసలు పరీక్ష మూడున్నరేళ్లకు ఎదురైంది.

ఆ ఉదయం 8 గంటల 15 నిమిషాలు

చెర వీడిన కొద్ది నెలలకే ఆయనను హిరోషిమా శివారులోని నగత్సుకకు పంపారు. సభలో కొత్తగా చేరే యువకులకు శిక్షణ ఇవ్వడం ఆయన పని. నగరం నడిబొడ్డుకు సుమారు ఐదారు కిలోమీటర్ల దూరాన, గుట్ట పక్కన, పెంకుటి కప్పుతో ఉన్న చెక్క భవనమది.

1945 ఆగస్టు 6 ఉదయం. రోజూ వచ్చిపోయే విమానాలే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. 8 గంటల 15 నిమిషాలకు కళ్లు మిరుమిట్లు గొలిపే మెరుపు మెరిసింది. అరూపే తలుపు తీయబోయేంతలో పెనుగాలిలాంటి దెబ్బకు తలుపులు, కిటికీలు, గాజుపలకలు, పెంకులు ఎగిరి మీదపడ్డాయి. లేచి చూసుకుంటే ఇంట్లో ఉన్న 35 మంది యువకుల్లో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. తోటలో బాంబు పడిందేమోనని వెతికితే గొయ్యి ఏదీ కనిపించలేదు. గుట్ట ఎక్కి చూశాక అసలు సంగతి తెలిసింది. హిరోషిమా ఉన్నచోట మంటల మడుగు తప్ప మరేమీ లేదు.

కాసేపటికి రోడ్డుమీద జనం కనిపించారు. ఒకరినొకరు పట్టుకుని ఈడ్చుకుంటూ వస్తున్నారు. చర్మం ఊడి వేలాడుతోంది. ఎవరు మగవారో ఎవరు ఆడవారో పోల్చుకోలేని స్థితి. అరూపే ముందుగా ప్రార్థన చేసుకుని, తరువాత ఇల్లంతా ఆసుపత్రిగా మార్చేశారు. ప్రార్థన గదిలోని చాపలమీద, వరండాల్లో, గదుల్లో క్షతగాత్రులను పడుకోబెట్టారు. సుమారు 150 మందికి అక్కడ చోటు దొరికింది.

బోరిక్ పొడి మూట

ఇంట్లో ఉన్న మందులు లెక్కపెడితే కాస్త అయోడిను, కొన్ని ఆస్పిరిన్ బిళ్లలు, వంట సోడా. మత్తుమందు లేదు. శస్త్రచికిత్స పరికరాలు లేవు. కత్తెరలు, మంగలి కత్తులతోనే గాజుపెంకులు, చెక్కముక్కలు తీయవలసివచ్చింది. ఒకప్పుడు వదిలేసిన వైద్యవిద్యను ఆయన గుర్తుచేసుకుంటూ ఒక్కొక్కరినే చూశారు.

ఇంతలో దగ్గరి పొలాల్లో పనిచేసే ఒకతను ఒక మూట మోసుకువచ్చాడు. అందులో 15 కిలోల బోరిక్ ఆమ్లం పొడి ఉంది. క్యారంబోర్డు మీద చల్లే, ఒకప్పుడు కళ్లు కడగడానికి కూడా వాడిన పొడే అది. పనికొస్తుందా అని అతను అడిగాడు. అరూపే దాన్ని వరంలా అందుకున్నారు. ఇంట్లోని దుప్పట్లు, లోపలి బట్టలు చింపి కట్లు తయారుచేశారు. గాయాన్ని శుభ్రంచేసి, బోరిక్ నీళ్లలో తడిపిన గుడ్డ కప్పి, అది ఆరిపోకుండా తడుపుతూ ఉండేవారు. చీము గుడ్డకు అంటుకుని వచ్చేసేది. రోజుకు నాలుగైదుసార్లు కట్టు మార్చేవారు. వారం గడిచేసరికి చాలామంది గాయాల్లో కొత్త కండ చిగురించింది. ఒళ్లు ఒలిచిన గాయాలమీద బోరిక్ పొడి వాడితే శరీరంలోకి విషం ఎక్కుతుందని నేటి వైద్యులు దాన్ని మాన్పించారు. ఆనాడు మాత్రం అంతకు మించిన మందు చుట్టుపక్కల దొరికే స్థితి లేదు.

మందుతోపాటు తిండి కావాలి. కాలిన ఒంటికి బలం లేకపోతే గాయం మానదని ఆయన ఎరుగుదురు. యుద్ధకాలం, అంతటా రేషను. అయినా యువకులను సైకిళ్లమీద చుట్టుపక్కల పల్లెలకు పంపారు. రైతులు తమకున్న దాంట్లోనే చేపలు, మాంసం, గుడ్లు ఇచ్చి పంపారు. ఆ పల్లెల తిండి, ఆ బోరిక్ మూట లేకపోతే ఆ ఇంట్లో చేరినవారిలో చాలామంది దక్కేవారు కారు.

వచ్చినవారిలో కొందరి గాయాలు ఆయనకు అంతుబట్టలేదు. మంట తగల్లేదు, మెరుపు మాత్రమే చూశామని వారు చెప్పేవారు. అరగంట గడిచాక ఒళ్లు బొబ్బలెక్కేది. అణుబాంబు వేడిమి కిరణాల రూపంలో తాకి చర్మాన్ని కాలుస్తుందని అప్పటికి లోకానికి తెలియదు. ఒంటిమీద గీత కూడా లేనివారు కొద్దిరోజుల తరువాత జుట్టు ఊడి, చిగుళ్లలో నెత్తురు కారి చనిపోయారు. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో మృతుల సంఖ్య సుమారు 1 లక్షా 40 వేలకు చేరింది.

ఆ రాత్రే అరూపే, సహచరులు నగరంలోకి వెళ్లి, మధ్య నగరంలోని చర్చిలో ఉండిన తోటి గురువులను వెతికి తెచ్చారు. అందులో ఒకరికి ఒళ్లంతా గాజుముక్కలు గుచ్చుకుని నెత్తురు ధారకట్టింది. మరునాడు తెల్లవారుజామున ప్రార్థన గదిలో పూజ జరిగింది. నేలమీద పరుచుకున్న క్షతగాత్రుల మధ్య కాలుపెట్టే చోటు లేదు. వారిలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. ముందు ఏం జరుగుతోందో కూడా వారికి తెలియదు. భక్తులవైపు తిరిగి చేతులు చాచవలసిన ఘట్టంలో ఆ దృశ్యం చూసి ఆయన కదలలేక అలాగే నిలబడిపోయారు.

నగరంలో విషవాయువు ఉంది, 70 ఏళ్లదాకా అక్కడ అడుగుపెట్టినవారు బతకరు అన్న మాట పుట్టింది. అయినా శవాలు కుళ్లి అంటురోగాలు ప్రబలకూడదని ఆయన మళ్లీ వెళ్లి, గుట్టలుగా పేర్చి దహనం చేసే పనిలో పాలుపంచుకున్నారు.

సభకు అధిపతిగా

యుద్ధం ముగిశాక కూడా ఆయన జపానులోనే ఉండిపోయారు. 1958లో ఆ దేశంలోని జెస్యూట్లకు పెద్ద అయ్యారు. దేశదేశాలు తిరిగి, తాను కళ్లారా చూసిన అణుబాంబు ఘోరాన్ని సభల్లో చెప్పేవారు.

1965 మే 22న రోములో సమావేశమైన ప్రతినిధులు ఆయనను యేసు సభకు 28వ అధిపతిగా ఎన్నుకున్నారు. అప్పటికి ఆ సభలో సుమారు 36 వేల మంది ఉన్నారు. మన విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల నడిపేది ఈ సభవారే. చెరలో ఒక చాపమీద పడుకున్న మనిషి ఇప్పుడు ప్రపంచమంతటా బడులు, కళాశాలలు ఉన్న సంస్థకు యజమాని అయ్యారు. అయినా ఆయన చూపు మాత్రం తలుపు దగ్గర నిలబడినవారి మీదనే.

1967లో అమెరికాలోని జెస్యూట్లకు లేఖ రాసి, నల్లజాతివారి వాడలను ఇంతకాలం పట్టించుకోకపోవడం తప్పని ఎత్తిచూపారు. 1973లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో పూర్వ విద్యార్థుల సభలో మాట్లాడుతూ, కలవారి బిడ్డలకు చదువు చెప్పాం గాని పక్కవాడి కోసం బతకడం నేర్పామా అని తమను తాము నిలదీసుకున్నారు. పెద్ద కుటుంబాలవారికి ఆ మాటలు మింగుడుపడలేదు. కొందరు అలిగి దూరమయ్యారు. ఆయన మాట మార్చుకోలేదు. 1975లో జరిగిన మహాసభ దేవుడిమీద విశ్వాసాన్నీ పేదలకు న్యాయాన్నీ విడదీయరాదని తీర్మానించింది.

దానికి చెల్లించవలసిన మూల్యం కూడా పెద్దదే. 1977 మార్చిలో మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో కూలిరైతుల పక్షాన నిలిచిన ఫాదర్ రుటీలియో గ్రాందేను, ఆయన వెంట ఉన్న ఒక ముసలాయనను, ఒక కుర్రవాడిని దుండగులు కాల్చిచంపారు. దేశం విడిచిపోకపోతే మిగతా జెస్యూట్లందరినీ చంపుతామని ఒక ముఠా గడువు పెట్టింది. వారు కదలలేదు. అరూపే వారికి అండగా నిలిచారు.

ఆయన పోకడ సభలోనే కొందరికి గిట్టలేదు. రాజకీయం ఎక్కువైందని, పాత కట్టుబాట్లు సడలాయని విమర్శలు వచ్చాయి. వేలమంది సభను వదిలివెళ్లారు. వాటికన్న నింద ఆయన మీదనే పడింది. పోప్‌లతో కూడా కొన్ని విషయాల్లో అభిప్రాయభేదాలు వచ్చాయి. విధేయత తప్పకుండానే ఆయన తాను నమ్మిన దారిలో నడిచారు.

శరణార్థుల కోసం

1979 నాటికి వియత్నాం నుంచి లక్షలాది జనం చిన్న పడవల్లో సముద్రంమీదికి వచ్చేశారు. చాలా రేవుల్లో వారిని దిగనివ్వలేదు. ఎందరో నీట మునిగారు. ఆ వార్తలు అరూపేను కుదురుగా ఉండనివ్వలేదు. వెంటనే వివిధ దేశాల జెస్యూట్ పెద్దలకు తంతులు పంపి ఏమి సాయం చేయగలరో అడిగారు. జవాబులు వెల్లువెత్తాయి. 1980 నవంబరు 14న, తన 73వ పుట్టినరోజునాడు, శరణార్థుల కోసం జెస్యూట్ సేవాసంస్థను స్థాపించారు. ఆ సంస్థ నేటికీ అనేక దేశాల్లో పనిచేస్తోంది. తమిళనాడులోని శ్రీలంక శరణార్థుల శిబిరాల్లో కూడా సేవ చేసింది.

1981 ఆగస్టు 6న ఆయన బ్యాంకాక్‌లో శరణార్థుల మధ్య పనిచేసేవారిని కలిసి మాట్లాడారు. హిరోషిమాపై బాంబు పడి ఆనాటికి సరిగ్గా 36 ఏళ్లు. ఎంత కష్టమైనా ఈ పని విడువవద్దని, ప్రార్థన మరువవద్దని వారిని కోరారు. నలుగురిలో నిలబడి ఆయన చేసిన చివరి ప్రసంగం అదే అయింది. మరునాడు తెల్లవారుజామున రోము విమానాశ్రయంలో దిగేసరికి పక్షవాతం వచ్చింది.

రెండో చెర

కుడిభాగం పడిపోయింది. ఏడు భాషలు మాట్లాడిన నోరు తడబడింది. క్రమేణా స్పానిష్ తప్ప మిగతా భాషలన్నీ చేజారిపోయాయి. ఆ అక్టోబరులో పోప్ రెండవ జాన్ పాల్ మామూలు పద్ధతిని పక్కనపెట్టి, సభను నడపడానికి తన తరఫున ఒక ప్రతినిధిని నియమించారు. తన తరువాత ఎవరో ఎంచుకునే వీలు సభకు లేకుండాపోయింది. ఆ వార్త విని అరూపే కన్నీరు పెట్టుకున్నారు. కాని ఒక్క మాట ఎదురు అనలేదు. సభ్యులను కూడా అనవద్దన్నారు. 1983 సెప్టెంబరు 3న మహాసభ ఆయన రాజీనామాను ఆమోదించింది. సభ చరిత్రలో అధిపతి పదవికి రాజీనామా చేసిన మొదటివారు ఆయనే. చక్రాల కుర్చీలో వచ్చి కూర్చున్నారు. ఆయన వీడ్కోలు సందేశాన్ని మరొకరు చదివారు. సభ యావత్తూ లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు చరిచింది.

ఆ తరువాత ఏడేళ్లకు పైగా ఒక చిన్న గదిలో మంచంమీదనే గడిపారు. యమగుచి చెర నెల రోజులకే వీడింది. ఈ చెరకు తలుపు తెరిచేవారు లేరు. అప్పుడు నేర్చుకున్న ఓర్పే ఇప్పుడూ ఆసరా అయింది. చూడవచ్చినవారిని చిరునవ్వుతో పలకరించేవారు. ఏమీ చేయలేకపోతున్నా అందరికోసం ప్రార్థించగలను కదా అన్నది ఆయన తృప్తి. 1991 ఫిబ్రవరి 5న రోములో 83వ ఏట కన్నుమూశారు. ఆ నగరంలోని జెసూ చర్చిలో ఆయన సమాధి ఉంది.

2013లో పోప్ అయిన ఫ్రాన్సిస్‌ను 1973లో అర్జెంటీనా జెస్యూట్లకు పెద్దగా నియమించింది అరూపేయే. అరూపేను పునీతుల జాబితాలో చేర్చే విచారణ 2019 ఫిబ్రవరిలో రోములో లాంఛనంగా ప్రారంభమైంది.

ఆ విచారణ ఎలా ముగిసినా, నగత్సుకలో చాపలమీద పడుకుని బతికి బయటపడినవారి లెక్క మారదు. డాక్టరు పట్టా లేదు, మందుల గది లేదు, పరాయి దేశం. అయినా గడప దగ్గరికి వచ్చినవారిని ఆయన వెనక్కి పంపలేదు. ఆయన దగ్గర లేనిది పొలం పనివాడి మూటలో దొరికింది, రైతుల ఇళ్లలో దొరికింది. ముందు తలుపు తెరిచినందువల్లనే ఆ మూట ఆ ఇంటి దారి పట్టింది.